మామ ఒడిలో జమాఖర్చు

మిల్లు సంగు (సైరన్) ఒకసారి కూస్తే ఊరంతా లేచి, ఇంకోసారి కూస్తే ఊరంతా తిని, మూడోసారి కూస్తే ఊరంతా పడుకునే ఆ రోజుల్లో, కోయంబత్తూరు తెలుగిళ్ళలో మగపిల్లాడు పుడితే జాతకం రాయించడం శుద్ధ దండగ. చదువు వస్తే మిల్లులో గుమాస్తా, రాకపోతే మిల్లు నూలు ఖాతాలో కూలీ, రెండింటికీ పనికిరాకపోతే మిల్లు గేటు ఎదురుగా టీ కడై. ఇంతే గ్రహాలు. నేను ఈ మూడూ కాదని సొంతంగా మోటారు వైండింగ్ పట్టరై పెట్టాను. (పట్టరై అంటే మా వైపు చిన్న వర్క్‌షాపు.) మాట పెద్దది గానీ, నిజానికి అది మా పశువుల కొట్టంలో సగం. మిగతా సగంలో ఆవు ఉండేది. మా ఇద్దరిలో నెలనెలా ఆదాయం చూపించింది ఆవే.

మా నాయన మిల్లులో స్పిన్నింగ్ మేస్త్రీగా జీవితమంతా పనిచేసినవాడు. సంగుకి లేవనివాడు మనిషే కాదని ఆయన నమ్మకం. "ముదలాళి అవుతాడంట! ముదలాళి!" అని ఆవుకి చెప్పేవాడు, నాకు వినబడేట్టు. (ముదలాళి అంటే యజమాని.) నేనేమో గంభీరంగా ఉండేవాణ్ణి. సాయంత్రం బడిలో కణక్కు, అంటే జమాఖర్చు పద్దులు, రాయడం నేర్చుకున్నవాణ్ణి కదా, సొంత వ్యాపారం చేసేవాడికి ముఖ్యంగా కావలసింది నిబ్బరం అని అక్కడి మాస్టారు చెప్పాడు. ఆ నిబ్బరం నా దగ్గర పుష్కలంగా ఉండేది. ఎందుకుండదు? ఆందోళన పడాలంటే ముందు లెక్క తెలియాలి.

లెక్కకి మాత్రం ఏర్పాట్లు ఘనంగా చేశాను. మూడు పాలపొడి డబ్బాలు తెచ్చి, వాటిమీద 'పట్టరై', 'ఇల్లు', 'తీగ' అని రంగుతో రాశాను. (అరవంలో రాశాను. ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేది అరవం, తిట్లు మాత్రం రెండింటిలోనూ పడేవి. ఈ తెలుగు అక్షరాలు నాకు చాలా ఆలస్యంగా, పెళ్ళాంతో పాటు వచ్చాయి.) రాబడి వస్తే మూడు డబ్బాల్లోకి పంచాలని సంకల్పం. రాబడి రాని రోజుల్లో 'ఇల్లు' లోంచి 'తీగ' లోకి, 'తీగ' లోంచి 'పట్టరై' లోకి చిల్లర మార్చేవాణ్ణి. బయటినుంచి వినేవాళ్ళకి వ్యాపారం బ్రహ్మాండంగా నడుస్తున్న చప్పుడు వచ్చేది. మా పెద్దలు ధాన్యం కొలిచేటప్పుడు 'ఒకటి' అనకుండా 'లాభం' అని మొదలుపెట్టి, తర్వాత రెండు, మూడు అంటారు. నేనూ చిల్లర అలాగే లెక్కపెట్టేవాణ్ణి. ఆ పట్టరైలో లాభం అనే మాట వినబడిన సందర్భం అదొక్కటే.

పని లేక కాదు. పనికేం, కుప్పలు! బావుల మీద కరెంటు మోటార్లు కొత్తగా వచ్చిన కాలం. కరెంటు వచ్చేదే మిణుగురు పురుగులా. అది చాలక మోటారు మూలిగేది, మూలిగి మూలిగి కాలేది. కాలిన మోటారు బండెక్కి నా దగ్గరికి వచ్చేది. లోపలి మసి తీగంతా పీకి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నీషు పట్టించి, ఎండబెట్టి ఇచ్చేవాణ్ణి. నా చేతికి మంచి పేరు కూడా వచ్చింది. చిక్కల్లా ఒక్కటే. నా పేరు ముందుగా పాకింది బంధువుల్లో.

మా సూలూరు మామ, అంటే అమ్మకి అన్న, నా మొదటి గిరాకీ. అయిదు బావులు, పత్తి చేను, మిల్లు మేనేజరుతో భుజమ్మీద చెయ్యేసి మాట్లాడే పరపతి, ఆ చెయ్యి కిందికి దిగినా తగ్గని మీసం. సవారి బండి దిగుతూనే, "ఏరా అల్లుడా, మన మోటారు ఊపిరి పట్టేసిందిరా, చూడు" అన్నాడు. కాలిన మోటారు 'మన మోటారు' అని అప్పుడు తెలిసింది. నీళ్ళు పోసేటప్పుడు అది 'నా మోటారు'. రెండు రోజులు కూర్చుని చుట్టాను. బిగించి మీట నొక్కగానే బావిలోంచి నీళ్ళు ఉరికాయి. మామ మీసం మీద తుంపర పడింది. నా వైపు తిరిగాడు. ఎంతయిందని అడుగుతాడేమోనని నేను వినయంగా తల వంచాను.

"తిన్నావా?" అన్నాడు.

తిన్నాను. బాగా పెట్టారు. బయల్దేరబోతుంటే మామ వెనకనుంచి కేకేశాడు. "రేయ్, లోపల కాలిన తీగ ఉంటాదే, అది ఏడపెట్టినావు?"

"పట్టరైలో ఉంది మామా."

"పంపించెయ్ కణ్ణు. అది మనది గదా. పాత రాగికి మంచి వెల ఉండాది."

అప్పటికీ నాకు నిబ్బరం చెదరలేదు. పద్దు రాసుకున్నాను: "సూలూరు మామ, మోటారు ఒకటి. జమ: భోజనం." తర్వాత పెదనాయన మోటారు వచ్చింది. జమ: పది కొబ్బరికాయలు, ఆశీర్వాదం. తర్వాత చిన్నాయన తోడల్లుడి మోటారు. జమ: పండగ తర్వాత. (ఏ పండగో చెప్పలేదు.) మామవే ఒక్కొక్కటిగా అయిదు మోటార్లు కాలాయి. దగ్గరి బంధువుకి ఉచితం, దూరపు బంధువుకి కాయాపండూ, ఇంకా దూరమైతే వాయిదా. డబ్బు ఇచ్చేవాడు పరాయివాడు ఒక్కడే. ప్రతి శనివారం పెరుమాళ్ళ గుళ్ళో నిలబడి, "స్వామీ, ఏ చుట్టరికమూ లేనివాడి మోటారు ఒక్కటి కాలేట్టు చూడు" అని వేడుకునేవాణ్ణి. ఆయనా మనవాడే కాబోలు, వాయిదా వేశాడు.

అడగవచ్చు కదా అంటారు. అడిగి చూడండి. ఒకసారి అమ్మ దగ్గర మాటవరసకి, "మామకి ఒక బిల్లు పంపిస్తే ఎట్లుంటాది?" అన్నాను. అమ్మ గరిటె కింద పెట్టింది. "నా పుట్టింటికి బిల్లు పంపుతావా? నన్ను చంపేసి పంపు" అంది. రెండూ చేస్తే ఖర్చెక్కువని ఊరుకున్నాను.

ఇక రాగి తీగ ఆకాశంనుంచి దిగదు కదా. అది కడైవీధి ముదలాళి దగ్గరినుంచి అప్పు మీద దిగేది. ముదలాళి తరతరాలుగా అంగడి పెట్టుకున్న తెలుగు వర్తకుడు. బక్కపలచని మనిషి, మెత్తని మాట. బాకీ అడిగిన పాపాన పోలేదు. సైకిలు దిగి, ఆవుని పలకరించి, బల్లమీద కూర్చుని, "ఏం పని లేదు తంబీ, ఊరికే ఇటు వచ్చినాను" అనేవాడు. కాఫీ తాగేవాడు. మూడు డబ్బాల వైపు ప్రేమగా చూసేవాడు. "ఊరికే" వెళ్ళిపోయేవాడు. రెండు నెలలు వరసగా ఊరికే వచ్చేసరికి, ఆయన సైకిలు గంట వింటే ఆవు కూడా అటు తిరిగి నిలబడేది.

ఆడి మాసంలో ఒకరోజు, నాయన ఇంట్లో ఉండగా చూసి మరీ వచ్చాడు. "ఆయుధ పూజకి నేను పాత కణక్కు మూసేస్తాను తంబీ. అందులో మీ పేరు ఉండకూడదని నాకొక ఆశ. ఒకవేళ ఉందే అనుకో, ఆ తీగ చుట్టే మిషను నా కొట్లో పెట్టుకుంటాను. ఇక్కడ ఆవు తోక తగిలి పాడైపోతాది, పాపం" అన్నాడు. బెదిరింపులో జీవకారుణ్యం కలిపినవాణ్ణి మళ్ళీ చూడలేదు.

నాయన ఈ అవకాశం కోసం ఏడాదిగా కాచుకుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. కండువా విదిలించాడు. "విన్నావు గదా. ఆ మిషను పోయిన మర్నాడు సంగు కూసేసరికి నువ్వు మిల్లు గేటు దగ్గర ఉండల్ల. టైం ఆపీసులో మనిషి కావల్లంట. ఎవురు మాట్లాడి పెట్టినారో తెలుసునా? మీ మామ! నీ బాగు కోసం!" అన్నాడు.

ఇది నన్ను కొంచెం కదిలించింది. నా పట్టరైని అయిదు మోటార్లతో ముంచిన చెయ్యే నన్ను ఒడ్డుకి లాగుతానంటోంది. టైం ఆఫీసులో కూర్చుని ఎవరు ఎన్నింటికి వచ్చారో జీవితమంతా రాసుకోవడం తలుచుకున్నాను. మసి తీగ వాసన మొదటిసారి మల్లెపూల వాసనలా అనిపించింది. అంటే, నాకు ఆ పట్టరై కావాలన్నమాట. అంతవరకూ నాకే తెలియదు.

ఆ వారంలోనే దిండిగల్ అత్త దిగింది. నాయన అక్క. ఆవిడ ఎక్కడికి వెళ్ళినా కానుకగా ఒక తాళం తీసుకెళ్తుంది. తాళాలకి పేరుమోసిన వాళ్ళ ఊళ్ళో పూసేది అదే మరి. "పట్టరైకి పెట్టుకోరా" అని మోచేతంత తాళం నా చేతిలో పెట్టింది.

"బాగుండాదక్కా, మూసెయ్యడానికి పనికొస్తాది" అన్నాడు నాయన.

అత్త నన్ను కొట్టంలోకి తీసుకెళ్ళి పద్దులు చదవమంది. ఆవిడకి చదువు రాదు, వినడం వచ్చు. చదివాను. భోజనం, కొబ్బరికాయలు, ఆశీర్వాదం, పండగ తర్వాత. అంతా విని వక్క కొరికింది.

"అడిగినావా?"

"ఎట్లా అడగను అత్తా? మామ గదా."

"అడగబాకు. నువ్వు బాకీ అడిగితే నీ మానం పోతాది. మొయి పెట్టకపోతే వాళ్ళ మానం పోతాది. ఎవురి మానం పోవల్లో నువ్వే చెప్పు" అంది.

మొయి అంటే ఆంధ్రదేశంలో చదివింపులు అంటారట, అదే. పందిట్లో బల్ల వేస్తారు. వచ్చినవాళ్ళు పేరూ ఊరూ చెప్పి డబ్బు పెడతారు. ఒకడు రాసుకుంటాడు, ఇంకొకడు మైకులో ఊరదిరేలా చదువుతాడు. మోటారు చుట్టినందుకు అర్ధరూపాయి రాల్చని మనిషి, మైకులో తన పేరు వినడానికి ఆవుని అమ్మైనా పెడతాడు. అత్త మాటలో అర్థశాస్త్రమంతా ఉంది. కాని విందుకి కారణం కావాలి కదా? నాకు పెళ్ళి కాలేదు, ఇల్లు కట్టలేదు, పట్టరైకి గృహప్రవేశం అంటే ఆవు నవ్వుతుంది.

అత్త నా చెవుల వైపు చూసింది.

నా చెవులకి ఒక చరిత్ర ఉంది. మా ఇళ్ళలో ప్రతి బిడ్డకీ మేనమామ ఒడిలో కూర్చోబెట్టి చెవులు కుట్టిస్తారు. నాకు ముహూర్తం పెట్టిన వారమే తాత పోయాడు. తర్వాత ఏడాది వానల్లేవు. ఆ తర్వాత అందరూ మర్చిపోయారు, నా చెవులతో సహా. "పెండ్లికి ముందు కుట్టల్ల. చెవులు కుట్టనివాడికి పిల్లనెవురిస్తారు? ఆవణి రానీ, చెప్తాను" అంది అత్త.

"అత్తా, నాకు మీసాలొచ్చినాయి."

"మీసం కుట్టమన్లేదు గదరా."

అలా ఆవణి మాసంలో ఒక మంచి ముహూర్తాన మా ఇంటి ముందు పందిరి లేచింది. వంటవాడు అప్పు, పందిరి అప్పు, మైకు అప్పు. బాకీ తీర్చడానికి కొత్త బాకీలు చేయడమనే ఉన్నత విద్య నాకు సాయంత్రం బడిలో చెప్పలేదు. చుట్టాలు వచ్చారు, అవినాశి వాళ్ళు, మదురై వాళ్ళు, నేను ఎన్నడూ చూడనివాళ్ళు. నేను మోటారు చుట్టిచ్చినవాళ్ళంతా వచ్చారు. ముందు వరసలో, మొయి బల్ల పక్కనే, కడైవీధి ముదలాళి. "పిలిచినారు గదా తంబీ, ఊరికే వచ్చినాను" అన్నాడు. బల్లమీది పళ్ళెంలోకి నాణెం పడ్డప్పుడల్లా ఆయన పెదవులు కదులుతున్నాయి. భక్తి అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

నాకు పసుపు పంచె కట్టి, మెడలో దండ వేసి, నుదుట నామం పెట్టి, సూలూరు మామ ఒడిలో కూర్చోబెట్టారు. మీసాలున్న మనిషి మీసాలున్న మనిషి ఒడిలో కూర్చుంటే ఎలా ఉంటుందో నేను వర్ణించను. పెట్టెమీద పెట్టె పెట్టినట్టుందని మదురై పిల్లలు చెప్పుకున్నారు. మామ మూలిగాడు.

"బరువెక్కినావురా."

"నీ ఇంట్లో తిన్నదే మామా" అన్నాను.

చెవులు కుట్టే కంసాలి ఆచారి సూది తీసి గంధంలో ముంచాడు. నేను కళ్ళు మూసుకున్నాను. భయం వల్ల అని అందరూ 'అయ్యో' అన్నారు. భయం కాదు, కూడికలు. మైకులో పేర్లు వస్తున్నాయి. "పెదనాయన, యాభై ఒకటి!" లాభం. "అవినాశి చిన్నాయన తోడల్లుడు, ఇరవై ఒకటి!" (పండగ వచ్చిందన్నమాట.) కూడుతున్నాను. వంటవాడిది తీసేస్తున్నాను. పందిరి తీసేస్తున్నాను. తీసివేయగా ముదలాళి బాకీకి ఇంకా చాలా దూరం. ఇక మిగిలింది ఒక్క పేరే. మేనమామ మొయి ఆనవాయితీగా అందరికన్నా చివర వస్తుంది. ఆ మనిషి ఒడిలోనే నేను కూర్చుని ఉన్నాను. ఆయన నూటొక్కటి పెట్టి చేతులు దులుపుకుంటే నేను మర్నాటినుంచి టైం ఆఫీసు.

ఏడాదిగా నా గొంతులో ఇరుక్కున్న మాట ఆ క్షణాన ఎలా జారిందో నాకిప్పటికీ తెలియదు. "మామా" అన్నాను చెవిలో. "అయిదు మోటార్లు."

"ఏందిరా?"

"అయిదు మోటార్లు. డబ్బు."

నా కింద మామ తొడ బిగుసుకుంది. "ఇప్పుడా అడిగేది?"

"ఇంతకన్నా దగ్గరగా ఎప్పుడు దొరుకుతావు మామా?"

సరిగ్గా అప్పుడే ఆచారి గుచ్చాడు. నేను ఎగిరాను. మామ గడ్డానికి నా తల తగిలింది. నాలిక కరుచుకున్నాడు. నేను అరిచాను, ఆయన అరిచాడు. మేళం వాళ్ళు అదే సంకేతమనుకుని వాయించేశారు. నా ఎడమ చెవి కన్నం కుడిదాని కన్నా కాస్త పైన ఉండడానికి కారణం అదే.

సందడి సద్దుమణిగాక మామ లేచి, పంచె సర్దుకుని, మొయి బల్ల దగ్గరికి నడిచాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. కోపమో నాలిక నొప్పో తెలియలేదు. మైకు గరగరలాడింది. "సూలూరు మేనమామ సీరు! చెవులకి బంగారు కడుకులు ఒక జత! రొక్కం అయిదువందల ఒక్క రూపాయి!" (సీరు అంటే మేనమామ పెట్టే లాంఛనం.)

పందిరంతా 'ఆ!' అంది. అమ్మ పుట్టింటి గర్వంతో ఏడ్చింది. నాయన దగ్గాడు. ముదలాళి పెదవులు కదలడం ఆగిపోయింది. ఆయన లెక్క కూడా సరిపోయినట్టుంది.

మామ తిరిగొచ్చి నా చెవి దగ్గర వంగాడు. "ఇది మోటారు కాసు కాదురా. మొయి. బాగా రాసుకో" అన్నాడు.

రాసుకున్నాను. సాయంత్రానికి ముదలాళి బాకీ చెల్లిపోయింది. ఆయన నోట్లు లెక్కపెట్టుకుని, అందులోంచే ఒక అయిదు తీసి, దానికి పావలా కలిపి మొయి బల్లమీద పెట్టాడు. "ఊరికే" అన్నాడు. పట్టరై నిలబడింది. నేను వసూళ్ళ చక్రవర్తినని తాంబూలం నములుతూ తిరుగుతుంటే, అత్త ఆ మొయి పద్దు తెచ్చి నా ఒడిలో పెట్టింది.

"భద్రంగా దాచిపెట్టుకో. అన్నీ తిరిగి పెట్టల్ల గదా."

మా ఇళ్ళలో పాలు తాగే బిడ్డకి కూడా తెలిసిన సంగతి అది. మొయి అంటే బహుమానం కాదు. వాళ్ళింట్లో శుభకార్యం జరిగినప్పుడు పెట్టిన దానికి పైన కాస్త కలిపి మనం తిరిగి పెట్టాలి. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. ఆ కూడికల్లో పడి, ఈ ఒక్క తీసివేత మాత్రం నా బుర్రకి తట్టలేదు. బాకీ వసూలు చేశాననుకున్నాను. పత్రం లేకుండా, హామీ లేకుండా, ఊరందరి దగ్గరా మైకు పెట్టి మరీ అప్పు తీసుకున్నాను. అప్పిచ్చినవాళ్ళకి పాయసంతో భోజనం కూడా పెట్టాను. మోటార్ల డబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మామకి నలుగురు కూతుళ్ళు. నలుగురికీ చెవులు కుట్టారు, నలుగురూ పెద్దమనుషులయ్యారు, నలుగురికీ పెళ్ళిళ్ళయ్యాయి. ప్రతి పందిట్లోనూ నేను బల్ల దగ్గర నిలబడి పేరు చదివించుకున్నాను. (అయిదో మోటారు మళ్ళీ కాలినప్పుడు మాత్రం ముందే చెయ్యి చాచి, "మామా, సగం ఇప్పుడు" అన్నాను. మామ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "చెవులు కుడితే నోరు తెరుచుకుంటాదని నాకు తెల్దే" అన్నాడు. సగం ఇచ్చాడు. మిగతా సగానికి తినమన్నాడు.) ఆ రోజునుంచి నా పట్టరైలో ఎవరి మోటారైనా సగం ముందు. పెరుమాళ్ళదైనా సరే. ఎవరూ చచ్చిపోలేదు, అమ్మతో సహా. అడగడానికి నోరు ఒక్కటి చాలు. అడగకుండా రాబట్టడానికి పందిరి, వంటవాడు, మైకు, రెండు చెవులు కావలసి వచ్చాయి.

మామ పోయి చాలా కాలమైంది. మొన్న ఆయన మునిమనవడికి చెవులు కుట్టారు. మొయి బల్ల దగ్గర కుర్రాడు కళ్ళజోడు సర్దుకుంటూ, "మీ మామ పెట్టిన మొయి ఎప్పుడో తీరిపోయింది తాతా, మీరు ఇంక పెట్టక్కర్లేదు గదా" అన్నాడు. నిజమే, నా లెక్కలోనూ తీరింది. పెట్టకుండా వచ్చేస్తే సరిపోయేది. జేబులో చెయ్యి పెట్టి, తీరినదానికి పైన వందా, ఆ పైన ఇంకొక రూపాయి పెట్టాను. ఇప్పుడు వాళ్ళు నాకు బాకీ. అంటే అది తిరిగి పెట్టడానికి నేను వాళ్ళని ఇంకొకసారి పిలవాలి.

"పేరు ఏమని రాయల్ల తాతా?"

పందిట్లో ఆ పసివాడు మేనమామ ఒడిలో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నా చెయ్యి నా ఎడమ చెవికి, ఆ పైనున్న కన్నానికి దానంతట అదే పోయింది. మెడలో దండ, నుదుట నామం, కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవులు కదిలిస్తూ 'లాభం, రెండు, మూడు' అని కూడుకుంటున్న మీసాల పిల్లాడు కనిపించాడు. పాపం, ఆ లెక్క ఆ పూటకి తేలిపోతుందనుకుంటున్నాడు.

"మోటారు అల్లుడు అని రాయి" అన్నాను.